విడిదితోటలలో నాటుచెట్లకు మరల చోటిండు

తిరుమలగిరి మొదలు శామీర్‌పేట దాక విడిదులు నడుపుకొను కుటుంబముల వారికి విన్నపము



విజయదశమి నాటి సాయంకాలమున జమ్మిచెట్టునకు ప్రదక్షిణము చేసి, దాని ఆకును బంగారమని పెద్దల చేతులలో నుంచి, ఆ దినముననే పాలపిట్టను కన్నులార జూచినచో సంవత్సరమంతయు శుభము కలుగునని నమ్ము ప్రజలము మనము. జమ్మిని రాష్ట్రవృక్షముగను, పాలపిట్టను రాష్ట్రపక్షిగను, తంగేడును రాష్ట్రపుష్పముగను వరించుకొన్నదియు మన తెలంగాణమే. అయినను నగరమునకు ఉత్తరమున నున్న యీ ప్రాంతమున జమ్మి యనగా నేడు పలువురకు అంగడిలో కట్టగట్టి యమ్మెడి కొమ్మయే గాని నేలలో వేరూనిన చెట్టు కాదు. పాలపిట్ట యనగా పండుగనాడు ఎవరో వలపన్ని పట్టి పంజరమున బెట్టి, వీథివీథి త్రిప్పి చూపి, డబ్బడుగుకొను దీనప్రాణి. అట్లు పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. కాని పట్టువానిని శిక్షించినంత మాత్రమున పక్షి తిరిగి రాదు. దానికి గూడుపెట్టుకొన తొఱ్ఱ గల చెట్టు కావలెను, మిడుతలను పట్టుకొన గడ్డినేల కావలెను. ఆ రెండును ఎవరి ఆవరణలో లభించునో వారి యొద్దకే అది వచ్చును.

తిరుమలగిరి చౌరస్తా దాటి లోతుకుంట, ఆల్వాలు, బొల్లారము, హకీంపేట, తూముకుంటల మీదుగా శామీర్‌పేట చేరు రాజీవ్ రహదారికి ఇరుప్రక్కల, పెద్దలిచ్చిన తోటలలోనో, కష్టించి కొనిన రెండు మూడెకరముల చెలకలలోనో, గుడారములు వేసి, చిన్న కుటీరములు కట్టి, శని ఆదివారములలో నగరవాసులకు విడిది కల్పించి జీవించు కుటుంబములు కలవు. తండ్రి లెక్కలు చూడగా, తల్లి వంటశాల నడుపగా, బిడ్డలు అతిథుల నాహ్వానింపగా సాగెడి యీ వృత్తి గౌరవనీయమైనది. ప్రభుత్వోద్యానముల కంటెను, కాలనీల పార్కుల కంటెను, ఈ ప్రాంతపు చెట్టుచేమలకును పశుపక్ష్యాదులకును ఆశ్రయ మీయగల శక్తి ఈ కుటుంబముల చేతిలోనే అధికముగా నున్నదని మా దృఢవిశ్వాసము. నేల వారిది, నిర్ణయము వారిది. ఒక తరము నాటినదానిని మరియొక తరము కాచుకొను వీలును వారికే కలదు.

ఈ నేల స్వభావ మెట్టిదో ముందుగా తలచుకొందము. 1806లో హుస్సేనుసాగరమునకు ఉత్తరమున ఆంగ్లసైన్యము విడియగా, నిజాము సికందర్ జా పేరిట సికిందరాబాదు దండు వెలసెను. పిమ్మట తిరుమలగిరిలో కందకముతో గూడిన సైనికస్థావర మేర్పడెను. కావున గుడార మీ నేలకు క్రొత్త కాదు. సైన్యపు మైదానములు ఇంకను కట్టడములు లేక మిగిలియుండుట చేతనే ఇక్కడ ఇన్ని పక్షులైనను మిగిలియున్నవి. గ్రానైటు గుట్టలు, వాని నడుమ పలుచని ఎఱ్ఱచెలక, సాలుకు సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అందు అధికభాగము జూన్ సెప్టెంబరుల నడుమనే కురిసి పిదప నెలల తరబడి పొడి: ఇట్టి దేశమునకు తగిన చెట్లను ప్రకృతియే ఏర్పరచినది. మోదుగ, చండ్ర, తుమ్మ, రేల, నెమలినార, పాల, తునికి, వేప, కానుగ, జమ్మి, రేగు, గుట్టల మొదళ్ళ మేడి, చెరువుగట్టుల మఱ్ఱి, రావి, జువ్వి, బీడునేలల తంగేడు. ఇవన్నియు వేసవిలో ఆకురాల్చియో, ముండ్లు దాల్చియో, వేరు లోతుగా దింపియో కరవును తాళుకొన నేర్చినవి. 1931-32 సంవత్సరములలో సలీం ఆలీ మహాశయుడు నిజాము రాష్ట్రమున సంచరించి పక్షులను పరిశీలించినపుడు ఆయన తిరిగిన దక్కను ఇట్టి ముళ్ళపొదలును, ఆకురాల్చు అడవులును, గడ్డిబీళ్ళును కలగలిసిన దేశమే.

ఇప్పటి విడిదితోటలలో మనకు కానవచ్చునది వేరు. ప్రహరీ వెంబడి కోనోకార్పస్ వరుస, దారికి ఇరువైపుల స్తంభములవలె నిలిచిన పామ్ చెట్లు, నడుమ అనుదినము నీరు త్రాగెడి మెక్సికన్ గడ్డి. ఇవి నాటినవారిని నిందించుట మా యుద్దేశము కాదు. త్వరగా పెరుగును, పశువులు ముట్టవు, నర్సరీలో సులభముగా దొరకును అను కారణములు సామాన్యమైనవి కావు. అయినను అన్యదేశపు తీరభూములనుండి వచ్చిన కోనోకార్పస్ పచ్చగా నుండుట నిజమేగాని మన పికిలిపిట్టకు ఒక పండైన నీయదు. గుజరాత్ ప్రభుత్వము 2023లో దానిని నాటుటనే నిషేధించినది. సులభముగా పెరుగునని తెచ్చుకొన్న చెట్టు తరువాత ఏమి చేయునో ఎరుగుటకు మనము దూరదేశము పోనక్కరలేదు. వంటచెఱకు కొఱతను తీర్చుటకై 1877 ప్రాంతమున విత్తనము తెప్పించి కడప జిల్లా కమలాపురమున నాటిన సర్కారు తుమ్మ నేడు తెలుగుదేశమున ఏ చెరువుకట్టను, ఏ బీడును విడిచినది? సొగసుకొరకై పందొమ్మిదవ శతాబ్దారంభమున కలకత్తా తోటకు వచ్చిన లంటానా నేడు నల్లమల వరకును ప్రాకినది.

ఇచట ఒక విచక్షణ అవసరము. పరదేశపు చెట్టెల్ల పగచెట్టు కాదు. చింత పూర్వము ఆఫ్రికా ఖండమునుండి వచ్చినదే యైనను వేలయేండ్లుగా మన పులుసులోను, మన పక్షుల గూళ్ళలోను ఒదిగిపోయినది. దండుబాటల వెంబడి నాటిన నిద్రగన్నేరులు అమెరికానుండి వచ్చినవే. వాని నీడను, వాని తొఱ్ఱలలో కాపురముండు పైడికంటెలను మేము పోగొట్టుకొన నంగీకరింపము. రాజీవ్ రహదారిపై ఎత్తైన వంతెనమార్గమునకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది; దారి విస్తరించు చోటులందు పాతచెట్లకు గండము తప్పదు. అట్టి కాలమున ఎవరి ఆవరణలోని ముసలిచెట్టును వారు, అది ఏ దేశపుదైనను, కాపాడుకొనవలెను. తొలగింపవలసినది తనంతట తాను వ్యాపించి ఇతరములకు చోటీయని సర్కారు తుమ్మ, సుబాబుల్, లంటానా, వయ్యారిభామ వంటివానిని మాత్రమే. అదియు ఒక్క వేసవిలో యంత్రముతో చదును చేయుట గాక, ఏటేట కొంత కొంతగా, నాటుచెట్టు లేచినకొలది. పొదలన్నియు ఒక్కసారి పోయినచో వానియందు దాగియుండు కౌజుపిట్టయు, ముంగిసయు, ఉడుమును ఎక్కడికి పోవలెను?

నాటుచెట్లను పునరుద్ధరించుట యనగా మొక్కలు కొనుట అని పెక్కుమంది తలచుచున్నారు. మా మనవి దానికి భిన్నము. మొదట చేయవలసినది నాటుట కాదు, నరకకుండుట. ఈ చెలకలలో మోదుగ, చండ్ర, రేగు, పాల ఎన్నిమారులు కొట్టినను మోడునుండి మరల చిగురించును. మోదుగ వేళ్ళనుండియు పిలకలు వేయును. గడ్డికోత యంత్రమున సాలు పొడుగున ఆ చిగురులు తెగిపోవుచుండుట చేత అవి చెట్లు కాలేకున్నవి. లోతైన వేరు సిద్ధముగా నుండుటచేత అట్టి మోడునకు నీరు పోయ నక్కరలేదు, ఎరువు వేయ నక్కరలేదు; తాకకుండ విడిచిన చాలును. దాని తరువాతనే విత్తనము, మొక్క. వేపగింజ కొలది వారములలోనే మొలకశక్తిని కోల్పోవును గనుక పండు రాలిన వెంటనే విత్తవలెను. రేల గింజ పెంకు గట్టిది గనుక గీరి, వేడినీట నానబెట్టినగాని మొలవదు. మేకలు తిని విసర్జించిన తుమ్మగింజ చక్కగా మొలచునని కాపరుల నడిగిన చెప్పుదురు. జమ్మి మెల్లగా పెరుగును, నీడను సహింపదు. దానికి ఎండతగులు విడిచోటు కేటాయింపవలెను. రోహిణిలో గుంటలు త్రవ్వి, మృగశిర ఆరుద్రల వానలకు నాటి, తొలి రెండు మూడు వేసవులు మొక్క ప్రక్కన మట్టికుండ పాతి నీరు నింపుచు వచ్చినచో పిదప టాంకరు ఖర్చు లేదు. మఱ్ఱి, రావి, జువ్వి, మేడి జాతులలో ఒక్కటైనను ప్రతి తోటలో నుండవలెను. ఇవి వేరువేరు మాసములందు కాయుట చేత, ఇతర చెట్లు పండులేక నిలుచు దినములందును పక్షులకు ఆహారము దొరకును. అయితే వాని వేళ్ళు కట్టడములను చీల్చును గనుక కుటీరములకు దూరముగా నాటవలెను.

పచ్చదన మనగా దట్టమైన వనమే అను భ్రమను కూడ విడువవలెను. చదరపు మీటరునకు మూడు నాలుగు మొక్కలు గ్రుచ్చెడి జపాను పద్ధతి ఇటీవల బహుప్రచారము పొందినది. ఇరుకైన నగరస్థలములలో దాని యుపయోగము దానికున్నది. కాని ఈ చెలకనేల స్వభావముచేత కొంత చెట్టు, కొంత పొద, కొంత గడ్డి. గడ్డిబీడునంతటిని వనము చేసినచో పాలపిట్టకు వేటచోటు పోవును, కౌజుకు మేతచోటు పోవును, తంగేడు గునుగులకు నీడయే శత్రువగును. బతుకమ్మకు పువ్వులు బజారున కొనెడి స్థితి మనకు పట్టుట ఇట్టి విడిబీళ్ళు లేకపోవుట చేతనే. అట్లే ఎండిన చెట్టును వెంటనే కొట్టివేయకుడు. పాలపిట్ట తనంతట తొఱ్ఱ తొలుచుకొనలేదు. వడ్రంగిపిట్ట విడిచిన కన్నమో, ముదిసిన మ్రానులోని బోలో దానికి ఇల్లు. గుడారములకు, దారులకు దూరముగా నుండి, పడినను ఎవరికిని హాని చేయని ఎండుమ్రాను ఎంతటి పచ్చనిచెట్టు కంటెను విలువ గలది. మార్చి మొదలు జూన్ వరకు పక్షులు గూళ్ళు పెట్టుకాలము గనుక కొమ్మల కత్తిరింపును ఆ నెలలలో నిలుపవలెను. గాజుపెంకులు గ్రుచ్చిన ప్రహరీకి అడుగున అక్కడక్కడ జానెడు కన్నములు విడుచుడు. తొండ, ముంగిస, కప్ప రాకపోకలు సాగించును. రాత్రి పదిగంటల తరువాత దీపములు తగ్గించి, డీజే మ్రోత మానినచో గుడ్లగూబకును నిద్రించు అతిథికిని మేలు.

"పొదలు పెంచిన పాములు వచ్చును, అతిథులు రారు" అను మాట తప్పక వినవచ్చును. అది త్రోసిపుచ్చదగిన మాట కాదు, ఏలయన పసిపిల్లలు తిరుగాడు చోట భయము న్యాయమే. గుడారముల చుట్టు, నడకదారుల వెంబడి గడ్డిని పొట్టిగా కోసి, పొదలను తోట అంచులకు పరిమితము చేయుడు. రాత్రి చేతిదీపము లేక నడువవద్దని అతిథులకు ముందే చెప్పుడు. పాము వచ్చునది ఎలుకకొరకు, ఎలుక వచ్చునది పారవేసిన యన్నముకొరకు. ఆకుల కుప్పకంటె వంటశాల వెనుక కుప్పయే అపాయకరము. ఆదాయము మాటకు వచ్చినచో, నగరమునుండి పిల్లలను తోడ్కొని వచ్చు తల్లిదండ్రులు పామ్ వరుసలను తమ అపార్టుమెంటు ముంగిటనే చూచుచున్నారు. చూడనివి గిజిగాని గూడు, మోదుగపూవుల ఫాల్గుణము, మిణుగురుల గుంపు.

ఇది సాధ్యమా యని సందేహించువారు సూర్యాపేట జిల్లా రాఘవాపురమునకు పోయి చూడవచ్చును. నల్లగొండ ఫ్లోరైడు పీడపై జలసాధన సమితి ద్వారా పోరాడిన దుశ్చర్ల సత్యనారాయణ గారు తమ పిత్రార్జితమైన సుమారు 70 ఎకరములను దశాబ్దములుగా దున్నక, అమ్మక, అడవిగా పెరుగనిచ్చిరి. ఆ భూమి నేడు కోట్లు పలుకునని తెలిసియు పక్షులకే విడిచిరి. అనంతపురము సీమలో చెన్నేకొత్తపల్లి యొద్ద 1990లో 32 ఎకరముల బంజరును కొని, నిప్పునుండియు మేతనుండియు కాపాడుటయే ముఖ్యసాధనముగా పచ్చబరచిన తింబక్తు సంస్థ వారి అనుభవ మింకను బోధకరము. అచటి వాన మన వానకంటె ఎంతో తక్కువ. రెండెకరముల కుటుంబమునకు 70 ఎకరముల త్యాగమును మేము కోరుట లేదు. తోటలో పదవవంతు కోరుచున్నాము. కాని ఒంటరి తోట ఒంటరిదే. రామకృష్ణాపురము చెరువు, ఆల్వాలు చెరువు, శామీర్‌పేట పెద్దచెరువుల నడుమ ఇరుగుపొరుగు తోటలవారు తమ తమ పదవవంతులను ఒకరి ప్రహరీకి ఒకరిది ఆనునట్లు ఎన్నుకొనినచో, పక్షికి అదంతయు ఒకే బాట యగును. విత్తనములను పంచుకొనుట, తరచు చిగురించు మోళ్ళను గుర్తించు నేర్పును పనివారికి నేర్పుట ఇట్టి పొత్తు చేతనే జరుగును.

కంటోన్మెంటు అధికారులను, అటవీశాఖను, పురపాలకులను కోరునది స్వల్పము: తమ నర్సరీలలో చండ్ర, పాల, నెమలినార, రేల, జమ్మి మొక్కలను అడిగినవారికి లభింపజేయుడు, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమును ముసలిచెట్ల విషయమున కఠినముగా పాటింపుడు, సర్కారు తుమ్మను తొలగింప గోరువారికి అనుమతిని సులభము చేయుడు.

కుటుంబములవారు మాత్రము ఏ అనుమతికిని వేచియుండ నక్కరలేదు. ఈ వానలు తగులుటకు ముందే ఇంటివారందరు కలిసి తోట నాలుగు మూలలు నడచి, గడ్డికోతలో తెగుచున్న మోదుగ, చండ్ర, పాల మోళ్ళను వెదకి, ఒక్కొక్కదాని చుట్టు మూడు కఱ్ఱలు పాతి, ఆ కఱ్ఱలకు సున్నము పూసి, గడ్డికోయు మనిషికి వానిని ఒక్కొక్కటిగా చూపుడు. రెండవ సంవత్సరమున ఆ చిగురులు మోకాలెత్తు దాటినపుడు ఏది నిలుపవలెనో, ఎక్కడ విత్తవలెనో మీకే తెలియును.