అలసిన పిల్లను సోమరి అనవద్దు



మా చిన్నాయన బిడ్డ వేరే బడిలో చదివేది. కీళ్ల నొప్పులని ఏడిస్తే అక్కడ పనిదొంగ అన్నరు. ఊర్లె గాలి సోకిందని కోడిని కోసిన్రు. ఆఖరుకు రక్తపరీక్షలో సికిల్ సెల్ అని తేలింది. అప్పటినుంచి సైన్సు టీచరును అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను.

రక్తంలో హిమోగ్లోబిన్ ఎట్లా తయారుచేయాలో డి.ఎన్.ఎ.లో ఉంటది. స్టోర్ రూం రిజిస్టరు బయటికి ఇయ్యరు కదా, అందులో చూసి చీటీ రాసి వంట అక్కకు పంపుతరు. కణంలో ఆ చీటీయే మెసెంజర్ ఆర్.ఎన్.ఎ. పని అయినంక కణమే దాన్ని చింపేస్తది.

సికిల్ సెల్‌లో ఒక్క అక్షరమే తప్పు. చీటీ చివరిదాకా ఉన్నందుకు కణానికి అనుమానం రాదు. తప్పు హిమోగ్లోబిన్ తయారై, ఎర్రకణాలు కొడవలి లెక్క వంగి సన్న నాళాలలో ఇరుక్కుంటయి. అదే నొప్పి.

కొన్ని రకాల తలసేమియాలో చీటీ నడుమనే "ఆపు" అని పడుతది. అట్లాంటి చీటీని కణం ముందే చింపేస్తది, హిమోగ్లోబిన్ తక్కువైతది. లిన్ మకాట్ అనే అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త, తోటివారితో కలిసి 1981లో తలసేమియా రోగుల ఎముక మూలుగ కణాలలో ఈ చీటీలు తొందరగా నశించుట చూపినారు. కనుక ఇది గాలి కాదు, శాపం కాదు.

"పరీక్షలో బయటపడితే ఆడపిల్లకు పెళ్లి కాదు" అని మా అవ్వ భయపడ్డది. నేను ఒప్పుకోను. లోపం తల్లి దగ్గర నుండి, తండ్రి దగ్గర నుండి, ఇద్దరి నుండీ వస్తేనే జబ్బు. ఒక్కరి నుండే వస్తే వాహకులు, వాళ్లు మామూలుగానే బతుకుతరు. ఇద్దరు వాహకులు పెళ్లాడితే ప్రతి కాన్పులో 4లో 1 వంతు ప్రమాదం. తెలియకుండా చేసుకునుడే కదా నష్టం?

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయుట, 2047 నాటికి జబ్బును నిర్మూలించుట దాని లక్ష్యం. మన హాస్టల్‌లో అందరికీ పరీక్ష చేయించాలి. ఫలితం ప్రార్థనలో చదవవద్దు, ఎవరిది వారికే చెప్పాలి. జబ్బు ఉన్నవారికి మన ఆదిలాబాద్ చలిలో చన్నీళ్ల స్నానం వద్దు, వేడినీళ్లు ఇయ్యాలి. తాగే నీళ్లు ఎక్కువ ఇయ్యాలి, ఎండలో నిలబెట్టవద్దు. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా దవాఖానకు తీసుకపోవాలి.

మిత్రులారా, పక్క మంచం పిల్ల లేవలేకపోతే నవ్వకండి. ముందు "ఎక్కడ నొస్తుంది?" అని అడగండి.

తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని