బొమ్మబండి యిరుసులు

పోయిన మాసము కుట్టుమిషను తోలుపట్టా తెగినప్పుడు చేయదగిన పనిని గూర్చి వ్రాసితిని. ఈ మాసము పిల్లలు రేడియోతో నడుపు పెద్ద బొమ్మబండి యిరుసులను మార్చు విధము వ్రాయబూనితిని. ఇది మగవారి పని, మనకేల యని కొందరు సోదరీమణులు పుట త్రిప్పివేయుదురేమో! అట్లు చేయవలదని నా మనవి. ఇట్టి బండ్లను కొనితెచ్చునది తండ్రులే; అవి చెడిననాడు పిల్లవాని యేడుపు వినవలసినది మాత్రము మనము.

బొమ్మ యను మాటచేత మోసపోరాదు. అసలు కారులో నైదవవంతు కొలతకు చేయు నీ బండ్లు ఇంచుమించు పది కిలోలు తూగును. కొన్నిటియందు 23 లేక 26 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, కొన్నిటియందు బ్యాటరీతో నడచు మోటారు నుండును. గంటకు 60 కిలోమీటర్లు దాటి పరుగెత్తునవియు కలవు. అట్టి బండి వాకిట ప్రాకాడు బిడ్డను తాకిన నేమగునో తల్లులకు చెప్పనక్కరలేదు.

మా జగదేవ్‌పూరు చెలకలలో నేడు ట్రాక్టర్లే యెక్కువ. ఐనను ఎడ్లబండి నెరుగనివారు మనలో లేరు. ఎడ్లబండి యిరుసు తిరుగదు. దానిచుట్టు చక్రము తిరుగును. మోటారుబండి తీరు దీనికి తలక్రిందులు. ఇంజను ఇరుసును త్రిప్పును, ఇరుసు చక్రమును త్రిప్పును. ఈ తిరుగుడు కడ్డీనే డ్రైవ్‌షాఫ్టు అందురు. గుంటలు మిట్టలు వచ్చినప్పుడు చక్రము క్రిందుమీదగుచుండగా, నడుమనున్న పండ్లచక్రముల పెట్టె మాత్రము కదలకుండును. కాబట్టి కడ్డీ రెండుకొనల యందును మన మోచేతివలె వంగు కీళ్లుండవలెను. లోపలి కొనకు చిన్న గుండును, దాని కడ్డముగా నొక పిన్నును ఉండి, గాళ్లుగల యుక్కుగిన్నెలో కూర్చుండును. వెలుపలి కొనయందుండునది అడ్డుపిన్నుల కీలు. దీనికి 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరును, 1676లో దీనినిగూర్చి ప్రకటించిన ఇంగ్లాండు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ పేరును నిలిచిపోయినవి. ఈ కీలునందొక వింత కలదు. వంగి తిరుగునప్పుడు దాని యవతలి కొన ప్రతి చుట్టునందును రెండుమారులు వేగపడి రెండుమారులు మందగించును. వంపు 30 డిగ్రీలైనచో ఆ వేగము నూటికి 15 వంతుల వరకు హెచ్చును. బండి యదరుటకును, పిన్నులు త్వరగా నరుగుటకును ఇదియొక కారణము.

వేసవి సెలవులకు వచ్చిన మా మరిదిగారి కుమారుడు, "పెద్దమ్మా, ఇంజను మోగుతున్నది గాని బండి పోతలేదు" అనుచు కన్నీటితో వచ్చెను. ఇంజను చెడినది, పట్నమునకు పంపి క్రొత్తది వేయింపవలెనని వాని తండ్రి ఫోనులో తీర్పు చెప్పెను. ఇంజను మోగుచుండగా చెడినదెట్లగును? ఇరుప్రక్కల యిరుసులకు బలమును పంచు పండ్లచక్రములకు డిఫరెన్షియలు అని పేరు. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ దూరము పోవలెను గనుక ఈ యేర్పాటు. ఐతే అది యడ్డములేని ప్రక్కకే తిరుగుడంతయు నిచ్చును. ఒక యిరుసు విరిగెనా, ఆ విరిగినతుండే వృథాగా గిరగిర తిరుగును. రెండవది బాగుగనే యున్నను బండి యడుగు వేయదు. దీనిని కనిపెట్టుట సులభము. ఇంజను నాపి, వెనుక చక్రములు నేలకంటకుండ బండి నెత్తిపెట్టి, నడుమనున్న పెద్ద పండ్లచక్రమును కదలనీక పట్టుకొని, ఒక చక్రమును చేతితో త్రిప్పవలెను. రెండవది ఎదురుదిక్కుగా తిరిగినచో ఇరుసులు రెండును క్షేమము. అది కదలకున్నచో ఏదో యొకటి విరిగినది, లేదా గిన్నెనుండి జారినది. పరీక్ష చేసినది మా పదుమూడేండ్ల యమ్మాయి. ఎడమ యిరుసు విరిగియుండెను.

పని మొదలిడకముందే బ్యాటరీ తీగను ఊడదీయవలెను. పెట్రోలుబండియైనచో ఇంజను చల్లారనిచ్చి స్పార్కుప్లగ్గు టోపీని తీయవలెను. కొంగు దోపుకొని, జడ ముడిచి, గాజులు పైకి త్రోసికొని కూర్చుండుడు. ముందు చక్రపునట్టు, పిదప చక్రము, దానివెనుకనున్న యారుపలకల దిమ్మ, ఈ వరుసను విప్పవలెను. పై చేతి పిన్నును లాగి బేరింగుల గూటిని వెలుపలికి వంచినచో కడ్డీ తనంతట వచ్చును. తీసిన వస్తువులను తీసిన వరుసనే పళ్లెములో పేర్చుకొనుడు. గిన్నె గాళ్లను వ్రేలితో తడవి చూడవలెను. గాళ్లలో గుంట పడియున్నచో క్రొత్త కడ్డీతోపాటు గిన్నెనుగూడ మార్చవలసినదే; గుంటలోపడిన క్రొత్తపిన్ను నెలతిరుగక మునుపే పాతదగును. పిన్నును బిగించు చిన్నస్క్రూ ఊడిపోకుండ నూనె తుడిచి నీలిరంగు మరబంక యొక చుక్క వేయవలెను. ఎర్రనిది వేసినచో మరల విప్పుటకు వేడిచేయవలసి వచ్చును. ఏదియు ప్లాస్టిక్కుపై పడరాదు, పగులును.

అందరు మరచు పని యొకటి కలదు. బిగించిన వెనుక చక్రమును పూర్తిగా పైకి నొక్కి, పూర్తిగా క్రిందికి జార్చి, రెండుచోట్లను త్రిప్పి చూడవలెను. కడ్డీ పొడవైనచో నొక్కినప్పుడు గిన్నె యడుగును పొడిచి బేరింగును చెరుచును. పొట్టిదైనచో జార్చినప్పుడు గిన్నెనుండి యూడివచ్చును. ఎడ్లబండికి కందెన వేయు నలవాటుచొప్పున బయటి కీళ్లకు గ్రీజు పూయుదురు గాని, మా యెర్రచెలక దుమ్ము దానికంటుకొని సానరాతివలె పిన్నును తినివేయును. రబ్బరు తొడుగున్న కీలునకే గ్రీజు. తొడుగు లేనిదానిని పొడిగా నుంచుటయే మేలు.

ఇక విరుగని లావు కడ్డీలు వేసికొనుడని యంగడివారు చెప్పుదురు. నాకిది సమ్మతము కాదు. చక్రము రాతికి తట్టినప్పుడు ఆ దెబ్బ యెక్కడో యొకచోట తీరవలెను. కడ్డీ తాళినచో డిఫరెన్షియలు పండ్లు రాలును. ఆ పెట్టె ఖరీదును కడ్డీ ఖరీదును అడిగి తెలిసికొనుడు. ట్రాక్టరు వెనుక పనిముట్లను త్రిప్పు కొన్ని షాఫ్టులలో, బరువు మీరినప్పుడు తెగుటకే యొక మెత్తని బోల్టు పెట్టుదురు. తెగుచున్నదని విసిగి గట్టిబోల్టు వేసిన రైతు పండ్లపెట్టెను పగులగొట్టుకొనును. ఆ షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా క్షణమునకు తొమ్మిది చుట్లు తిరుగును. దానిపై తొడుగు లేనిచోట నూర్పిళ్లకు వంగిన స్త్రీ కొంగు చిక్కినచో చేయి వెనుకకు తీయు వ్యవధి యుండదు. నూర్పిడియంత్రముల వలని ప్రమాదములకై 1983లో పార్లమెంటు చట్టమునే చేసినది. పొలమునకు పోవు సోదరీమణులు తొడుగు లేని యంత్రము దగ్గర పని చేయమని నిస్సంకోచముగా చెప్పవలెను.

బొమ్మబండిని క్రొత్త యిరుసుతో మొదటి పావుగంట మెల్లగా నడుపనిచ్చి, మరల చక్రము విప్పి స్క్రూ వదులైనదేమో చూడుడు. తీసివేసిన యిరుసు వంగక, పిన్ను మాత్రమే యరిగియున్నచో పారవేయక డబ్బాలో దాచుడు. పిన్ను విడిగా దొరకును.