ఏ బోరు కొనాలి బావా?

మొన్న సంక్రాంతికి రామతీర్థం వెళ్తే మా బావ అడిగాడు. "రైఫిల్ కొందామనుకుంతన్నాను. .22 మంచిదా, .315 మంచిదా, ఏటంటావ్?" చూపు మాత్రం బోడికొండ మీదుంది. సంగతి అర్థమైంది.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తెలిసిందే కదా, ముందు రిక్వైర్‌మెంట్, తర్వాతే స్పెసిఫికేషన్. ఇంతకీ దేనికి? వేటకా? ఆ సరదాకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డు. అడవిపంది పంట పాడుచేసినా, దాన్ని చంపాలంటే అనుమతి ఉండాల్సిందే.

ఇక మిగిలింది గురి. దానికి .315 ఎందుకు? తూటా ఖరీదు, పైగా భుజం మీద తన్ను. .22కి తన్ను తక్కువ, 50 మీటర్ల పోటీల్లో వాడేది అదే, కానీ లైసెన్సు కావాలి. నా ఓటు .177 ఎయిర్ రైఫిల్‌కే, అంటే 4.5 మిల్లీమీటర్లది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల కాంస్యం కొట్టింది ఆ సైజుతోనే. 2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌళ్ళు దాటని ఆ సైజు ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు.

అలాగని అది ఆటబొమ్మ కాదండోయ్, కన్ను పోతుంది. ఇంట్లో ఆరేళ్ళ మేనల్లుడున్నాడు. "ఏది కొన్నా బీరువాలో పెట్టి తాళం అక్కకివ్వు బావా" అన్నాను.

బావ నవ్వి ఊరుకున్నాడు. అక్క మాత్రం అప్పుడే తాళం వెతకడం మొదలెట్టింది.