పాయింట్లు ఎందుకు కాలిపోయాయి?

పిల్లలూ, మా ఇంట్లో ఒక ముసలి అంబాసిడర్ కారు ఉన్నది. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన ఈ రకం కార్లు ఒకప్పుడు దేశమంతటా తిరిగేవి. 2014లో వాటి తయారీ ఆగిపోయింది. మాది చాలా పాత పెట్రోలు బండి. ఈ మధ్య అది నాకు ఒక పాఠం చెప్పింది. జన్మంతా పాఠాలు చెప్పిన మాస్టారికి కారు పాఠం చెప్పటమేమిటని నవ్వకండి. వినండి.

మొదట కారు నడక చెడింది. పొద్దున ఒక పట్టాన స్టార్టు అయ్యేది కాదు. ఎత్తు ఎక్కవలసి వస్తే దగ్గుతూ, కుదుపుతూ పోయేది. ప్లగ్గులు పాతబడి ఉంటాయనుకుని నాలుగు కొత్తవి కొని పెట్టించాను. డబ్బు ఖర్చయింది గాని దగ్గు తగ్గలేదు.

అప్పుడు మా మేస్త్రీ వచ్చి, “మాస్టారూ, తడబడుతున్నది ఒక సిలిండరా, నాలుగూనా? అది చూశారా?” అని అడిగాడు. నేను చూడలేదు.

ఆ ప్రశ్నలో ఎంతో తెలివి ఉన్నది. మీ ఇంట్లో ఒక గదిలో దీపం ఆరితే బల్బు పోయిందంటారు. అన్ని గదుల్లోనూ ఆరితే బల్బులన్నీ ఒక్కసారే పోయాయని ఎవరూ అనరు, ఫ్యూజు చూస్తారు. కారులోనూ అంతే. ప్లగ్గు ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్కటి. కాయిల్, పాయింట్లు నాలుగింటికీ ఉమ్మడి. నేను తీయించిన పాత ప్లగ్గులు చూస్తే నాలుగింటి మొనలకూ ఒకే తీరుగా మసి పట్టి ఉన్నది. సరిగా మండే ఇంజనులో అవి లేత గోధుమరంగులో ఉంటాయి. మేస్త్రీ పెట్రోలు సరిగానే వస్తున్నదని చూసుకుని, “అయితే దోషం ఉమ్మడి సొత్తులోనే ఉన్నది” అన్నాడు.

ఇంతకీ నిప్పురవ్వ ఎలా పుడుతుంది? బ్యాటరీకి ఉన్నది 12 వోల్టులే. ప్లగ్గు మొనల మధ్య సందు సుమారు 0.6 మిల్లీమీటరు. ఆ సందు దాటాలంటే వేల వోల్టులు కావాలి. అందుకే కాయిల్. అందులో ఇనుప కడ్డీ మీద లావు తీగ కొన్ని చుట్లు, సన్నతీగ వేల చుట్లు ఉంటాయి. లావు తీగలో కరెంటు పారుతున్నంత సేపూ కడ్డీ అయస్కాంతమవుతుంది. ఆ కరెంటును టక్కున ఆపితే అయస్కాంతశక్తి ఒక్కసారిగా తగ్గిపోయి, సన్నతీగలో వేల వోల్టులు పుడతాయి. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రం ఇదే.

టక్కున ఆపే పని పాయింట్లది. ఇవి రెండు చిన్న లోహపు బొడిపెలు. కలుస్తూ, విడిపోతూ ఉంటాయి. విడిపోయినప్పుడు వాటి మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటరు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. రెండు చుట్లకు ఒకసారి చొప్పున ఒక్కొక్క సిలిండరుకూ 1500 రవ్వలు కావాలి. నాలుగింటికీ కలిపి 6000. అంటే సెకనుకు నూరుసార్లు పాయింట్లు విడిపోవాలి! అరగటంలో వింత ఏమున్నది?

మేస్త్రీ డిస్ట్రిబ్యూటరు మూత తీశాడు. పాయింట్లు కాలి నల్లబడి ఉన్నాయి. ఒకదాని మీద గుంట, రెండోదాని మీద దిబ్బ. “పాయింట్లతో పాటు ఈ కండెన్సర్ కూడా మారుద్దాం” అన్నాడు. అది వేలెడంత రేకు డబ్బా. “తళతళలాడుతున్నదిగా, దానికేం వచ్చింది?” అని నేను ఒప్పుకోలేదు. కొత్త పాయింట్లు పెట్టి, ఫీలర్ గేజి రేకుతో సందు కొలిచి సరిచేశాడు. కారు కోడెదూడలా పరుగెత్తింది.

మూడు వారాలు గడిచాయి. పక్కింటి కుర్రవాడికి పదో తరగతి పరీక్షలు. “నేను దింపుతాను రా, నాయనా” అని ఎక్కించుకున్నాను. వంతెన మధ్యకు వచ్చేసరికి కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వాడి మొహం పాలిపోయింది. అదృష్టవశాత్తూ ఎవరో పుణ్యాత్ముడు స్కూటరు మీద ఎక్కించుకుపోయాడు. గంట కొట్టే వేళకు వాడు హాలులో ఉన్నాడట. ఆ మాట వినేదాకా నా ప్రాణం కుదుటపడలేదు.

మూత తీసి చూస్తే కొత్త పాయింట్లు కూడా కాలిపోయి ఉన్నాయి!

పారే కాలువకు తూము టక్కున మూస్తే నీరు తూము మీదికి ఎగదన్నుతుంది. పక్కన ఒక గుంట ఉంటే ఆ నీరు అందులోకి పోతుంది. కండెన్సర్ అలాంటి గుంట. పాయింట్లు విడిపోయిన క్షణాన ఎగదన్నే కరెంటును అది తనలోకి తీసుకుంటుంది. అది చెడితే ఆ కరెంటు పాయింట్ల మధ్యనే మంటలా దూకి వాటిని కాల్చేస్తుంది. కరెంటు టక్కున ఆగదు గనక ప్లగ్గు దగ్గర రవ్వ కూడా నీరసిస్తుంది. పైకి తళతళలాడినంత మాత్రాన లోపల బాగున్నట్టు కాదు. ఈసారి రెండూ మార్పించాను. కారు మళ్ళీ దగ్గలేదు.

ఒక హెచ్చరిక: ఇంజను తిరిగేటప్పుడు ఈ తీగలు మీరెవరూ ముట్టుకోకూడదు. వేల వోల్టులు చాలా చెడ్డ దెబ్బ కొడతాయి. పెద్దవాళ్ళు పని చేస్తుంటే దూరంగా నిలబడి చూడండి.

ఏది చెడిందని అడగటం సగం పనే. ఎందుకు చెడిందని కూడా అడగాలి. లెక్క తప్పితే జవాబు ఒక్కటీ దిద్దుకుని ఊరుకోకండి. తప్పు ఎక్కాల్లో ఉన్నదేమో వెతకండి. లేకపోతే రేపు పరీక్షలో అదే తప్పు మళ్ళీ వస్తుంది, నా కారు వంతెన మీద ఆగినట్టు.