యాడ్ ఉండనీ, వెంటపడకుంటే చాలు

పోయిన ఎండాకాలం మైదుకూరు దగ్గర మా ఊరికి పోయినప్పుడు మా చిన్నాయన ఫోన్ నా చేతిలో పెట్టి ఒక ప్రశ్న అడిగినాడు. "ఏం రా, నేను బోరు వేయించాలనుకుంటున్నానని ఈ ఫోన్‌కు ఎవరు చెప్పినారు?"

జరిగింది చిన్న విషయమే. బోరుకు అడుగుకు ఎంత పడుతుందో రెండు మూడు సైట్లలో వెతికాడు. ఆ రోజు నుంచి వార్తలు చదివినా, క్రికెట్ స్కోర్ చూసినా ఒకటే యాడ్: ఐదు నిమిషాల్లో లోన్, కాగితాలు అక్కర్లేదు. పాత బోరు ఎండిపోయి చేతిలో డబ్బు ఆడని మనిషికి ఆ యాడ్ రోజుకు పదిసార్లు కనబడుతోంది. లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు 2020 నుంచి మన రెండు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉన్నాం. అందుకే దీన్ని చిన్న చిరాకుగా తీసిపారేయలేకపోయాను.

చాలామంది ఫోన్ మైక్ మన మాటలు వింటోందని అనుకుంటారు. అంత అవసరమే లేదు. మీరు పేజీ తెరవగానే అందులోని యాడ్ జాగా వేలానికి పోతుంది. దాంతో పాటు మీ ఫోన్‌కున్న అడ్వర్టైజింగ్ ఐడీనో కుకీనో, ఫోన్ మోడల్, సుమారుగా మీరున్న ప్రాంతం కూడా పోతాయి. ఆ ఐడీని ఇంతకుముందు ఎక్కడెక్కడ చూశామో గుర్తుపట్టిన కంపెనీలు పాట పాడతాయి. కనురెప్ప వేసేలోపల వేలం అయిపోతుంది. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలను వేలం వేస్తారు, వాటిని తెచ్చిన రైతును కాదు. ఇక్కడ మాత్రం వేలానికి పెట్టేది మనిషినే.

ఇందులో నా చెయ్యి కూడా ఉంది. మొదటి ఉద్యోగంలో ఒక యాప్‌కు యాడ్ ఎస్‌డీకే కలిపింది నేనే. గట్టిగా నాలుగు లైన్ల కోడ్. అది ఎవరికి ఏం పంపుతుందో నేను అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు. టికెట్ క్లోజ్ చేసి టీ తాగడానికి పోయినాం.

మరి యాడ్ బ్లాకర్ పెట్టేస్తే పోదా? కొన్నేళ్లు నేనూ అదే చేశాను. కానీ తెలుగు సైట్ల సంగతి వేరు. గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగును సపోర్ట్ చేయడం మొదలుపెట్టిందే 2018లో. అంతకుముందు తెలుగులో రాసి ఆ దారిన సంపాదించే వీలు దాదాపు లేదు. మూడేళ్లకోసారి ఫోన్ కొనేవాళ్లు ఫోన్ రివ్యూ కోసం నెలనెలా చందా కట్టరు కదా. యాడ్ డబ్బు ఆగిపోతే మిగిలేది ఫోన్ కంపెనీల డబ్బే. అప్పుడు ప్రతి ఫోన్ కెమెరా "అదిరిపోతుంది", ఏ బ్యాటరీ వేడెక్కదు. పన్నెండు వేలు కూడబెట్టుకుని ఫోన్ కొనే ప్రొద్దుటూరు కుర్రాడికి నిజం చెప్పేవాళ్లు ఉండరు. ఫ్రీ రివ్యూ కావాలంటే ఎవరో ఒకరు ఖర్చు భరించాలి. అందుకే యాడ్స్ ఉండాలంటాను.

ఉండాల్సింది ఎలాంటి యాడ్స్ అన్నదే నా పేచీ. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు బస్సులో రండి. దారి పొడుగునా గోడల మీద సిమెంట్, విత్తనాల యాడ్స్ కనబడతాయి. ఆ దారిన పోయేది రైతులని వాళ్లకు తెలుసు, అంతవరకే తెలుసు. గోడ మీది యాడ్ బస్సెక్కి మన ఇంటికి రాదు. వెబ్‌లోనూ ఇది కుదురుతుంది. పదిహేను వేల లోపు ఫోన్ల పేజీ చదివేవాళ్లకు ఫోనో, కవరో, ఇయర్‌ఫోన్సో కావాలి. అది తెలియడానికి నిన్న రాత్రి వాళ్లు ఏం వెతికారో ఎందుకు?

నెదర్లాండ్స్‌లో ప్రభుత్వ ప్రసార సంస్థకు యాడ్స్ అమ్మే స్టెర్ 2020 జనవరిలో ట్రాకింగ్ కుకీలతో యాడ్స్ అమ్మడం మానేసింది. ఆ నెల ఆదాయం అంతకుముందు ఏడాది జనవరి కంటే పెరిగింది. మధ్యలో వాటా తీసుకునే కంపెనీలు తగ్గడం అందుకు ఒక కారణం. చిన్న తెలుగు సైట్‌కు అంత బేరమాడే బలం లేదని ఒప్పుకుంటాను. రేటు కొంత తగ్గొచ్చు కూడా. అయినా యాడ్ నెట్‌వర్క్‌లలో నాన్ పర్సనలైజ్డ్ యాడ్స్ ఆప్షన్ ఉంది. దాంతో కుకీలు పూర్తిగా పోవు, కానీ మన పాత వెతుకులాటను బట్టి యాడ్ వేయడం ఆగుతుంది. సైట్ నడిపేవాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు.

పెద్ద కంపెనీలే మారతాయని కూర్చుంటే కాదు. సఫారీ 2020లోనే థర్డ్ పార్టీ కుకీలను ఆపేసింది. ఆ ఏడాదే క్రోమ్ కూడా రెండేళ్లలో తీసేస్తామంది, వాయిదాల మీద వాయిదాలు వేసి 2024లో మాట మార్చింది. బ్రౌజర్ చేసేదీ యాడ్స్ అమ్మేదీ ఒకే కంపెనీ అయితే ఇంతే మరి.

మన డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను ట్రాక్ చేసి వాళ్లకు గురిపెట్టి యాడ్స్ వేయడాన్ని చట్టం వద్దంటోంది. పెద్దవాళ్ల దగ్గర అనుమతి అడగాలంటోంది. నా భయమల్లా ఆ అనుమతి ఇంకో "ఓకే" బటన్ అయిపోతుందని. ఇంగ్లిష్‌లో రెండు పేజీలు చూపించి కింద ఓకే పెడితే మా చిన్నాయన చదవకుండా నొక్కేస్తాడు, నేనూ అంతే. కానీ అదే చట్టంలో ఒక మంచి మాట ఉంది: నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అందులో తెలుగు ఉంది. తెలుగులో చూపించమని మనం అడగాలి.

ఈలోపు చిన్నాయన ఫోన్‌లో నేను చేసింది ఇది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్, అక్కడ "డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ" నొక్కాను. ఇక యాప్‌లు అడిగితే ఐడీ బదులు సున్నాలే పోతాయి. గూగుల్ అకౌంట్‌లో మై యాడ్ సెంటర్‌కు పోయి పర్సనలైజ్డ్ యాడ్స్ ఆపాను. క్రోమ్‌లో థర్డ్ పార్టీ కుకీలు బ్లాక్ చేశాను. ఐఫోన్ వాళ్లయితే ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోని ట్రాకింగ్‌లో యాప్‌లు అడిగే వీలు ఆపేయండి. దీంతో అంతా ఆగదు, చాలావరకు తగ్గుతుంది. సైట్లకు యాడ్ డబ్బు వస్తూనే ఉంటుంది.

బోరు మాటంటారా, ఇంకా వేయించలేదు. ఆ సంగతి ఆయనకూ బ్యాంకు మేనేజర్‌కూ తెలిస్తే చాలు.