రెండు పేర్లు, ఒకటే మందు

పిల్లలూ! కొందరు వయ్యారిభామ మొక్కల పక్కగా నడిచి వస్తే చాలు, తుమ్ములు ఆగవు. పాత పుస్తకాల దుమ్ము దులిపితే కొందరికి ముక్కు కారుతుంది, కళ్ళు ఎర్రబడి దురద పెడతాయి. దీనినే ఎలర్జీ అంటారు. పెద్దవాళ్ళు మందుల షాపునుంచి ఒక బిళ్ళ తెచ్చి ఇస్తారు, కొంతసేపటికి తుమ్ములు తగ్గుతాయి. ఆ బిళ్ళ ఏం చేసిందో మీకు తెలుసునా?

పుప్పొడి నిజానికి మనకు శత్రువు కాదు. కాని కొందరి శరీరం దానిని శత్రువనుకుని, హిస్టమిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. ఇది తాళంచెవి లాటిది. దీనికి సరిపోయే తాళాలు ముక్కులోనూ, కళ్ళలోనూ, చర్మంలోనూ వున్నాయి. ఆ తాళాలు తెరుచుకుంటే తుమ్ములు, దురద, దద్దుర్లు! బిళ్ళలోని మందు వెళ్ళి తాళంలో కూర్చుంటుంది. ఇక తాళంచెవికి చోటు దొరకదు. ఇలాటి మందును మొట్టమొదట 1937 లో, పారిస్ నగరంలోని పాశ్చర్ సంస్థలో డేనియల్ బోవే, ఆన్ మరీ స్టౌబ్ కనిపెట్టారు. బోవేకు 1957 లో నోబెల్ బహుమానం వచ్చింది.

అయితే హిస్టమిన్ మెదడులో కూడా వున్నది. అక్కడ అది మనల్ని మెలకువగా వుంచుతుంది. క్లోర్‌ఫెనిరమిన్ లాటి పాత మందులు మెదడులోకి కూడా పోతాయి. అందుకే నిద్ర ముంచుకొస్తుంది. సెటిరిజిన్ లాటి కొత్త మందులు అంతగా పోవు. అయినా కొందరికి మత్తు కలుగుతుంది. ఆ మత్తులో సైకిలు తొక్కరాదు, బావిలో ఈదరాదు. పెద్దలు బండి నడపరాదు. బస్సు ప్రయాణంలో పసివాడు నిద్రపోతాడని ఈ మందు పోయడం మరీ తప్పు. మోతాదు మించితే ఫిట్సు కూడా రావచ్చును.

మోతాదు ఎలా మించుతుంది? ఒక పిల్లవాడికి జలుబు చేసిందని అమ్మ సిరప్పు పోసింది. ఆ సంగతి తెలియక, తుమ్ముతున్నాడని నాయనమ్మ ఎలర్జీ బిళ్ళ వేసింది. పేర్లు రెండు, లేబులు చదివితే రెండింటిలోనూ క్లోర్‌ఫెనిరమినే! ఒకే పిల్లవాణ్ణి ఇంట్లో చిన్నా అనీ, బళ్ళో మరో పేరుతోనూ పిలిచినట్టే ఇది. లేబులుమీద ఒకటి కంపెనీ పెట్టిన పేరు. రెండవది మందు అసలు పేరు.

క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని సీసాలపై అచ్చువేయాలని 2023 డిసెంబరులో మన దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు: పెద్దల బిళ్ళను అందాజుగా విరిచి పిల్లలకు వేయకండి. పిల్లల మోతాదు డాక్టరే చెప్పాలి. సిరప్పును వంటింటి చెంచాతో కాక, సీసాతో వచ్చిన కొలతమూతతో పోయండి. మూత్రం సరిగా రాని తాతగారికీ, కంట్లో నీటికాసుల జబ్బు వున్నవారికీ పాత రకం మందులు హాని చేయవచ్చును. ముందుగా డాక్టరును అడగండి.

ఒక్క విషయం అందరూ గుర్తుంచుకోవాలి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా, బిళ్ళ వేసి చూద్దామని కూర్చోరాదు. వెంటనే 108 కు ఫోను చేయాలి. అప్పుడు కావలసినది ఆస్పత్రిలో ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజక్షను.

పిల్లలూ, ఈ నెల మీకో పని. అమ్మనో నాన్ననో దగ్గర కూర్చోబెట్టుకుని, మీ ఇంటి మందుల డబ్బా తెరిపించండి. ఒక్కొక్క మందు అసలు పేరూ, గడువు తేదీ కాగితంమీద రాయండి. ఒకే పేరు రెండుసార్లు వచ్చిందేమో చూసి, ఇంట్లో అందరికీ చెప్పండి. మందు మాత్రం మీ అంతట మీరు ఎప్పుడూ మింగకండి.