పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంది?

సూరత్‌లోని లింబాయత్‌లో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రి సాంచెల కార్ఖానాలో పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు. తల్లి ఇంట్లోనే కూర్చుని చీరలకు లేసులు, చమ్కీలు కుడుతుంది. కూతురు పన్నెండో తరగతి పాసైంది. డిగ్రీ ప్రవేశానికి, స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు మొదట్లోనే మొబైల్ నంబరు, ఈమెయిల్ అడుగుతుంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్మార్ట్‌ఫోన్ తండ్రి జేబులో కార్ఖానాకు వెళ్లిపోయింది. అమ్మాయి సందు చివర నెట్ సెంటర్‌కి వెళ్తుంది. అక్కడి అబ్బాయి ఐదు నిమిషాల్లో ఒక జీమెయిల్ ఖాతా తెరుస్తాడు. అందరికీ పెట్టే పాస్‌వర్డే ఆమెకూ పెడతాడు. ఓటీపీ కోసం తన నంబరే ఇస్తాడు. దరఖాస్తు ప్రింటు ఆమె చేతికి వస్తుంది. పాస్‌వర్డ్ మాత్రం రాదు.

కొన్ని వారాల తర్వాత ఆ ఖాతాకు ఒక మెయిల్ వస్తుంది. కుల ధ్రువపత్రం సరిగ్గా కనిపించడం లేదు, ఫలానా తేదీలోగా మళ్లీ అప్‌లోడ్ చేయండి అని దాని సారాంశం. ఆ మెయిల్‌ని ఎవరూ తెరవరు. గడువు దాటిపోతుంది. సీటు రాలేదని ఇంట్లో అనుకుంటారు. అభ్యర్థి స్పందించలేదని ఆఫీసు రాసుకుంటుంది.

ఈ కుటుంబం ఊహే. కానీ దీన్ని చదువుతున్న మీలో చాలామందికి ఇలాంటి అమ్మాయి చెల్లెలో, మరదలో, మీరే అయివుంటారు. ఈ నష్టాన్ని ఏ లెక్కల పుస్తకమూ వివక్ష కింద నమోదు చేయదు. నా వాదన ఇది: ఈమెయిల్ ఇవాళ పౌరుడి చిరునామా. ఆ చిరునామా తాళంచెవి ఎవరిదగ్గర ఉండాలన్నది సామాజిక న్యాయానికి సంబంధించిన ప్రశ్న. దానికి మనకు అందుబాటులో ఉన్న మంచి జవాబు ప్రజా గ్రంథాలయంలోని కంప్యూటరు.

సూరత్‌నే ఎందుకు తీసుకోవాలి? తెలంగాణ జిల్లాల నుంచి నేత కులాలవాళ్లు, కూలి కులాలవాళ్లు దశాబ్దాలుగా ఈ నగరానికి వలస వెళ్తున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం సూరత్ నగర జనాభా దాదాపు 45 లక్షలు. అందులో వలస వచ్చినవాళ్ల వాటా పెద్దది. అందుకే అక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు ఒడియా, తెలుగు మాధ్యమాల్లో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. కవి నర్మద్ పేరిట పెద్ద కేంద్ర గ్రంథాలయాన్నీ అదే సంస్థ నడుపుతోంది. ఒక నగరపాలక సంస్థ వలస బిడ్డకు తన భాషలో అక్షరం నేర్పడం చిన్న విషయం కాదు. అయితే ఆ అక్షరంతో ఆమె ఇవాళ మొదట రాయాల్సింది ఒక లాగిన్ పేజీలో.

వలస బిడ్డకు ఈమెయిల్ అవసరం మిగతావాళ్లకంటే ఎక్కువ. కారణం రిజర్వేషన్ చట్టంలోనే ఉంది. 1990లో మర్రి చంద్రశేఖర్ రావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న విద్యార్థి, తండ్రి ఉద్యోగరీత్యా మహారాష్ట్రకు వెళ్తే, అక్కడ ఆ రాష్ట్రపు ఎస్టీ ప్రయోజనం అడగలేడని తేల్చింది. ఎస్సీలకూ అదే సూత్రం. ఓబీసీ జాబితాలూ రాష్ట్రాల వారీగానే ఉంటాయి. అంటే సూరత్‌లో పుట్టి పెరిగినా, ఆ అమ్మాయి కులపత్రం సొంత మండలం తహసీల్దారు ఆఫీసులోనే ఉంటుంది. మనిషి ఒకచోట, హక్కు మరోచోట. ఈ రెంటినీ కలిపేది రైలు టికెట్టు, లేదా ఒక పోర్టల్. రైలెక్కితే తండ్రికి రోజుల కూలి పోతుంది. పోర్టల్‌కి ఈమెయిల్ కావాలి. అద్దెగది మారుతుంది, సిమ్ మారుతుంది. మారకుండా ఉండగలిగే చిరునామా అదొక్కటే.

ఇంకో సంగతి కూడా ఉంది. మన పోస్టు చిరునామాలో వాడ పేరు ఉంటుంది. కవరు మీద ఆ పేరు చూసి పోస్టుమాన్ దగ్గర్నుంచి ఇంటర్వ్యూ బోర్డు దాకా అందరూ మన కులం తెలుసుకున్నారు. ఊరి బయట అనే మాట లేని తొలి చిరునామా ఈమెయిలే. దాంతో కులం పోతుందని నేను అనడం లేదు. ఏ పేరుతో తలుపు తట్టాలో ఎంచుకునే అవకాశం మాత్రం దొరుకుతుంది. ఆ ఎంపిక కూడా నెట్ సెంటర్ అబ్బాయే చేసేస్తున్నాడు.

ఉచిత ఈమెయిల్ మొదలైంది కంప్యూటరు లేనివాళ్లకూ పనికొచ్చే పద్ధతిలోనే. 1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ ప్రారంభించినప్పుడు అందులోని కొత్తదనం అదే. ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా, బ్రౌజర్ తెరిచి మీ ఉత్తరాలు మీరు చదువుకోవచ్చు. సొంత యంత్రం అక్కర్లేదు, ఆఫీసు ఖాతా అక్కర్లేదు. లైబ్రరీ కుర్చీ చాలు. 2004లో జీమెయిల్ వచ్చింది. ఇవాళ కొత్త ఖాతా తెరవాలంటే చాలాసార్లు ఫోన్ నంబరుతో ధ్రువీకరణ అడుగుతుంది. ఉచితం అన్నదానికి ముందు ఒక సిమ్ వచ్చి కూర్చుంది.

అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి కదా, లైబ్రరీ కంప్యూటరు ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. ఇంట్లో ఫోన్ ఉండటం, ఆడపిల్ల చేతిలో ఫోన్ ఉండటం ఒకటి కాదు. పన్నెండు పేజీల దరఖాస్తు నింపి, నిర్ణీత సైజులో ఫొటో, సంతకం, పత్రాలు ఎక్కించడానికి అరచేతి తెర చాలదు. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వేలో దేశంలో నూటికి 11 ఇళ్లలోనే కంప్యూటరు కనిపించింది. నగరాల్లో కూడా అది నాలుగో వంతు లోపే. ఇక ప్రీపెయిడ్ నంబరు సంగతి. రీచార్జి చేయక నంబరు రద్దయితే, 90 రోజుల గడువు దాటాక కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు. సిమ్‌లు మార్చుకుంటూ బతికే వలస కూలీ పిల్లల ఖాతా తాళం అలా ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి పోతుంది. రెండేళ్లు తెరవని ఖాతాలను 2023 డిసెంబరు నుంచి గూగుల్ తొలగించడం మొదలుపెట్టింది. చదువు మధ్యలో ఆపి పనిలోకి వెళ్లి, మళ్లీ చదువుకుందామని వచ్చిన పిల్ల ఖాతా అప్పటికి ఉండకపోవచ్చు.

ప్రభుత్వ డబ్బుతో నడిచే చోటు అందరిదీ అనే మాట మనకు కొత్త కాదు. సూరత్ అప్పట్లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఉండేది. 1923 ఆగస్టు 4న ఆ ప్రెసిడెన్సీ శాసన మండలి ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానాన్ని ఆమోదించింది. ప్రభుత్వ నిధులతో కట్టిన, నడుస్తున్న చెరువులు, బావులు, ధర్మశాలలు, బడులు, ఆఫీసులు, ఆసుపత్రులు అంటరానివారికీ తెరవాలన్నది దాని సారం. మహాడ్ పురపాలక సంఘం కూడా తన చెరువు తెరిచామని కాగితం మీద రాసుకుంది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని చౌదార్ చెరువు దాకా నడవాల్సి వచ్చింది. తీర్మానానికీ దోసిట్లోని నీళ్లకూ మధ్య ఎప్పుడూ ఒక నడక మిగిలే ఉంటుంది.

సూరత్‌కి ఎంతో దూరం లేని బరోడాలో ఇంకో పాఠం ఉంది. శాయాజీరావు గాయక్వాడ్ 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్‌ని పిలిపించి సంస్థానమంతటా ఉచిత గ్రంథాలయాలు పెట్టించాడు. ఆ రాజే అంబేద్కర్‌ని చదువుకోవడానికి కొలంబియాకు పంపాడు. 1917లో ఉద్యోగానికి బరోడా వచ్చిన అంబేద్కర్‌కి తలదాచుకోవడానికి గది దొరకలేదు. పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకుని వెళ్లగొట్టారు. వ్యవస్థ కట్టినంత మాత్రాన ప్రవేశం వచ్చినట్టు కాదు. రాజ్యాంగంలోని 15(2) అధికరణం బావులను, చెరువులను, స్నానఘట్టాలను, రోడ్లను పేరుపెట్టి చెప్పింది ఈ అనుభవంతోనే. ప్రభుత్వ నిధులతో ప్రజలకోసం నడిచే గ్రంథాలయం ఆ స్ఫూర్తిలోకే వస్తుంది.

మరి లైబ్రరీ ఏం చేయాలి? ఒక మూల నాలుగు కంప్యూటర్లు పెట్టి బోర్డు తగిలిస్తే సరిపోదు. మొదటిది, చిరునామా రుజువు లేదని ఈమెయిల్ కుర్చీ దగ్గర ఎవరినీ ఆపకూడదు. చిరునామా లేకనే కదా వాళ్లొచ్చింది. రెండోది, సిబ్బంది ఖాతా తెరిచిపెట్టకూడదు, తెరవడం నేర్పాలి. పేరు ఆమే ఎంచుకోవాలి, పాస్‌వర్డ్ ఆమే టైపు చేయాలి. కాగితం మీద రాసుకుంటే ఆ కాగితం ఆమె ఇంటికే వెళ్లాలి. మూడోది, బ్యాకప్ కోడ్‌లు. గూగుల్ ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నవాళ్లు పది కోడ్‌లు ప్రింటు తీసుకోవచ్చు. ఒక్కోటి ఒక్కసారి పనిచేస్తుంది. ఫోన్ దగ్గర లేని రోజున ఖాతా తెరిచేది అవే. ఆ ఒక్క పేజీ ప్రింటు లైబ్రరీ ఉచితంగా ఇవ్వాలి. నాలుగోది, అందరూ వాడే యంత్రం మీద గెస్ట్ విండోలోనే పని చేయించాలి. పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని అడిగితే వద్దనడం, లేచేముందు సైన్ అవుట్ చేయడం నేర్పాలి. అయిదోది, ఈ సూచనలు గోడమీద ఆ నగరం బడుల్లో నేర్పే భాషలన్నిటిలో ఉండాలి. షిఫ్టు దిగినవాళ్లు, ఇంటిపని ముగించినవాళ్లు రాగలిగే వేళలూ ఉండాలి.

దుర్వినియోగం చేస్తారనే భయం కొందరిది. అపరిచితుడి ఫోన్ నంబరు మీద వేల ఖాతాలు నడవడం కంటే పెద్ద దుర్వినియోగం ఏముంది?

ఇది సూరత్‌కే చెప్పి ఊరుకుంటే మనం తప్పించుకున్నట్టే. తెలుగు రాష్ట్రాల్లో ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం నుంచి వస్తున్న ఏర్పాటు అది. అద్దె రూపంలో వాడలోని కిరాయిదారూ దాన్ని కడుతున్నాడు. ఆ డబ్బుతో నడిచే ఎన్ని శాఖా గ్రంథాలయాల్లో ఒక పిల్ల తన ఈమెయిల్ తానే తెరుచుకోగలదు?

యూనివర్సిటీలో చేరిన రోజు మనకు ఒక మెయిల్ ఐడీ ఇచ్చారు. అది మనల్ని ఎన్ని తలుపుల దగ్గరికి తీసుకెళ్లిందో మనం లెక్కపెట్టలేదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వాడలోని ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని దగ్గర్లోని గ్రంథాలయానికి నడుద్దాం. కంప్యూటరు ఉంటే పక్కన కూర్చుని చూపిద్దాం, కీబోర్డు మాత్రం వాళ్ల చేతికే ఇద్దాం. కంప్యూటరు లేకపోతే ఎందుకు లేదో జిల్లా గ్రంథాలయ సంస్థకు రాతపూర్వకంగా అడుగుదాం. ఆ ఉత్తరం కింద ఆ పిల్లల ఈమెయిల్ చిరునామాలు కూడా ఉండాలి.